ముందే చెల్లించిన స్తోత్రం

శుక్రవారం పొద్దున్న బూడిదరంగు యూనిఫాం తొడుక్కుని, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని ఇల్లు కదిలిన లిఫ్టు మెకానిక్కు తిరిగి రాలేదు. కొత్తగా కట్టిన ఓ అపార్ట్‌మెంటులో లిఫ్టు చూసొస్తానని వెళ్ళాడు. ఫోను చాలాసేపు మోగింది, ఆ తర్వాత మోగడం కూడా మానేసింది. పోలీసులు "మగాడే కదమ్మా, వస్తాడ్లే" అని పంపించేశారు. శనివారం అతని బావమరిది ఆ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని పట్టుకుని, బతిమాలో బెదిరించో, ఒక్క ముక్క రాబట్టుకొచ్చాడు. మెకానిక్కు ఎవరిదో కారెక్కి వెళ్ళాడట. ఆ కారు వెనక అద్దం మీద తెల్ల పావురం బొమ్మ ఉందట.

ఆ పావురం ఎక్కడిదో మెకానిక్కు భార్యకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సంఘం వార్షికోత్సవానికి పాస్టరుగారు అచ్చు వేయించి, బండి ఉన్న ప్రతి విశ్వాసికీ తన చేత్తో ఇచ్చిన స్టిక్కరది. అంటే తన భర్తను తీసుకెళ్ళింది ఆదివారం పూట తన పక్కన నిలబడి పాడే మనుషుల్లో ఒకరు. తీసుకెళ్ళి, మళ్ళీ తన దగ్గరకే వచ్చి, తల నిమిరి, "ధైర్యంగా ఉండు తల్లీ" అంటున్నారు.

"అందరినీ మనింటికి పిలువక్కా," అన్నాడు తమ్ముడు. "ఆ స్తుతి కూడికేదో పెట్టించు. మీ వాళ్ళు కళ్ళు మూసుకుంటారుగా. నేను తెరిచి కూర్చుంటా."

కిందటి వారం మనం ఆగింది ఆ మాట దగ్గరే. ఇప్పుడు ఆదివారం సాయంత్రం. కూడిక మొదలు కాబోతోంది.

* * *

ముందుగది ఆమెకు కుట్టు దుకాణం కూడా. మిషన్ను గోడకు జరిపి, మీద దుప్పటి కప్పారు. సగం కుట్టిన జాకెట్లు, కొలతల టేపు, దారపు ఉండలు అన్నీ ఒక బుట్టలోకి తోసి బుట్టను బల్ల కిందకు నెట్టారు. నేల మీద చాపలు, గోడ వారన పక్కింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. గుమ్మం బయట చెప్పుల కుప్ప పెరుగుతోంది.

ఆమె చెప్పుల్ని చూడలేదు. కార్లని చూస్తోంది. సందులోకి వచ్చిన ప్రతి కారూ వెనక అద్దం మీద పావురంతో వచ్చింది. పాస్టరుగారి భార్య కారు, బిల్డరుగారి పెద్ద కారు, స్కూటర్ల డూముల మీద కూడా అవే రెక్కలు. నిన్నటిదాకా ఆ బొమ్మ ఎక్కడ కనబడినా మనసుకు చల్లగా ఉండేది. ఇప్పుడు ఒక్కో పావురం ఒక్కో అబద్ధంలా కనబడుతోంది.

"అక్కా, ఏడుస్తూ వస్తారనుకున్నా. వీళ్ళేంటి గిటార్లు పట్టుకుని పెళ్ళికొచ్చినట్టొస్తున్నారు?" తమ్ముడు ఆమె చెవి దగ్గర గొణిగాడు.

"నోర్ముయ్. వింటారు."

"వింటే మంచిదే. ఉలిక్కిపడ్డవాడు దొంగ." అతను నవ్వి, తలుపు పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో ఎవరికి ఒళ్ళు కాలిపోతున్నా వాడొక జోకు వేసేవాడు, ఎలాగోలా నవ్వించేవాడు. ఏడాదిగా ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. వాడికి సంఘం లేదు, స్టిక్కరు లేదు. ఈ గదిలో ఆమె అనుమానించక్కర్లేని మనిషి వాడొక్కడే.

సంఘంలో ఆమె పేరు పాటమ్మ. పెట్టిన పేరు వేరే ఉన్నా ఎవరూ వాడరు. ఆమె పాడితే భర్త కీబోర్డు వాయిస్తాడు. శుక్రవారం నుంచి ఆమె ఒక్క చరణం పాడలేదు. పొద్దున ఆరాధనలో కూడా పెదవులు బిగించి నిలబడింది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమూ ఇప్పుడు ఆమెకు అనుమానంగానే ఉంది.

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. ఏ భావమైనా ముందు ఆయన ముఖంలోకి వచ్చి, తర్వాత నోట్లోకి వస్తుంది.

"ఇవాళ మనం ఏమీ అడగం," అన్నారు. "మన పద్ధతి మీకు తెలుసు. శత్రువులు ముట్టడించినప్పుడు బైబిలు వాక్యంలో ఆ రాజు ఏం చేశాడు? సైనికుల్ని వెనక పెట్టి పాడేవాళ్ళని ముందు నడిపించాడు. కత్తి దూయకముందే స్తోత్రం చెప్పించాడు. వాళ్ళు పాట ఎత్తుకోగానే, పొంచి ఉన్న శత్రువులు తమలో తామే కొట్టుకుని బయటపడిపోయారు. మనమూ అంతే. మన సోదరుడు వచ్చేశాడు. వచ్చేసినట్టే కృతజ్ఞత చెప్పండి. కానీ చూసినట్టు చెప్పాలి. 'అంతా మేలు జరిగినందుకు' అంటే నేనొప్పుకోను. ఏం మేలు? కళ్ళకు కట్టినట్టు చెప్పండి."

ఇది ఆ సంఘానికే ఉన్న అలవాటు. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వాపుకునేవారు. ఉద్యోగం రాకముందే ఆఫీసులో తన కుర్చీ ఏ కిటికీ పక్కన ఉందో చెప్పి స్తోత్రం చెల్లించినవాళ్ళున్నారు. ఆస్పత్రి మంచం మీది తల్లి ఏ రంగు చీర కట్టుకుని మెట్లు దిగిందో చెప్పి స్తుతించినవాళ్ళున్నారు. కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. జరగనివాళ్ళు కూడా ఆ స్తుతి తమను నిలబెట్టిందనే అంటారు. పాటమ్మ ఎన్నోసార్లు అలా నిలబడింది. ఇవాళ ఆమెకు కావలసింది నిలబడడం కాదు. ఒక ముఖం కావాలి. దాచలేక తడబడే ఒక్క ముఖం.

"కళ్ళు మూసుకోండి," అన్నారు పాస్టరుగారు.

గదిలో కళ్ళన్నీ మూతబడ్డాయి. తలుపు పక్క తమ్ముడివి, మిషను పక్క ఆమెవి తప్ప.

మొదట పాస్టరుగారే అందుకున్నారు. "ప్రభువా, వచ్చే ఆదివారం మా సోదరుడు కీబోర్డు ముందు కూర్చుని, నా ప్రసంగం పూర్తికాకముందే ఎప్పట్లాగే ఆవలించినందుకు నీకు స్తోత్రం." ఎవరో ముక్కు చీదుతూనే నవ్వారు. పాటమ్మ ఆయన కనురెప్పల్ని చూస్తూ ఉంది. కదల్లేదు.

ఒక పెద్దావిడ అతను ఆకలితో వచ్చి అన్నం రెండోసారి పెట్టించుకున్నందుకు స్తోత్రం చెప్పింది. గిటారు కుర్రాడు, అతను తన తీగలు శ్రుతి చేసి "ఇదేం వాయింపురా" అని తిట్టినందుకు చెప్పాడు. గది మెల్లగా వేడెక్కుతోంది. లేని మనిషి ఒక్కో మాటతో కాస్త కాస్త లోపలికి వస్తున్నట్టుంది.

తర్వాత బిల్డరుగారు.

సంఘ పెద్ద. ఆ కొత్త అపార్ట్‌మెంటు ఆయనదే. ఆమె అనుమానం మొదట వాలింది ఆయన మీదే. కళ్ళు మూసుకునే చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ప్రభువా... మేలు చేసినందుకు స్తోత్రం."

"చూసినట్టు, పెద్దాయనా," అన్నారు పాస్టరుగారు మెత్తగా.

"ఆ... ఆ లిఫ్టు... లిఫ్టులో ఏ లోపమూ లేదని తేలినందుకు స్తోత్రం. ఎవరికీ ఏమీ కానందుకు..."

గదిలో ఒక్క క్షణం 'ఆమెన్' రాలేదు. మనిషి కనబడకుండాపోతే లిఫ్టు గురించి స్తోత్రమేంటి? తలుపు దగ్గర తమ్ముడు కనుబొమలు ఎగరేశాడు. 'చూశావా' అన్నట్టు గడ్డంతో సైగ చేశాడు. ఆయనే. ఆయనే అనుకుంది పాటమ్మ.

అప్పుడు పాస్టరుగారి భార్య నోరు విప్పింది.

ఆమెను అందరూ నర్సక్క అంటారు. రెండు వీధుల అవతల చిన్న క్లినిక్కులో కట్లు కట్టే, కుట్లు వేసే పని ఆమెది. శుక్రవారం నుంచి ఈ ఇంటికి రోజూ వచ్చి, పాటమ్మకు కాస్త ఎంగిలి పడేదాకా కదలడం లేదు. ఆమె స్తుతి ఎప్పుడూ చిన్నగా మొదలై, నది దిగినట్టు లోతుకు పోతుంది. చేతులు రెండూ పైకి లేచాయి. కళ్ళ చివర నీళ్ళు.

"తండ్రీ, నీకు స్తోత్రం. ఆ కుడిచేతి కుట్లు ఒక్కటీ చీము పట్టకుండా మానినందుకు స్తోత్రం. ఆ బొటనవేలు మళ్ళీ వంగినందుకు స్తోత్రం. ఆ నరం తెగకుండా కాపాడావు, ఆ వేళ్ళు మళ్ళీ కీబోర్డు మీద పరిగెత్తాయి, నీకు స్తోత్రం..."

"స్తోత్రం, స్తోత్రం," అంది గదంతా. ఎవరికీ ఏమీ తట్టలేదు. ఇక్కడ అందరూ లేనిదాన్ని ఉన్నట్టే చెబుతారు కదా.

పాటమ్మ తన కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది.

ఊహించి చెప్పేవాళ్ళు 'దెబ్బ తగలకుండా వచ్చినందుకు' అంటారు. కుట్లు మానినందుకు అనరు. ఏ చెయ్యో చెప్పరు. శుక్రవారం పొద్దున్న తను టీ గ్లాసు అందించినప్పుడు ఆ కుడిచేతి మీద గీత కూడా లేదు.

గిటారు మోగింది. అందరూ ఒక్కసారిగా పాట అందుకున్నారు. ఆ గోలలో పాటమ్మ తలెత్తి చూసింది. తమ్ముడు నర్సక్క వైపే చూస్తున్నాడు. ఈసారి అతని ముఖంలో జోకు లేదు.

* * *

"నర్సక్కా, కాస్త వంటింట్లోకి రండి. టీ పెట్టాలి."

నర్సక్క కళ్ళు తుడుచుకుంటూ వెనకే వచ్చింది. పాటమ్మ తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అవతల పాట జోరందుకుంది. ఇక్కడ ఎంత అరిచినా వినబడదు.

"పాలెక్కడున్నాయమ్మా?"

"ఏ చేతికి అక్కా కుట్లు?"

నర్సక్క వెనక్కి తిరగలేదు. గిన్నె అందుకోబోయిన చెయ్యి అలాగే గాల్లో ఆగింది.

"స్తుతిలో ఏదో వచ్చేసింది తల్లీ. పరిశుద్ధాత్మ నడిపినట్టు..."

"ఆత్మకి బొటనవేలి నరం సంగతి కూడా తెలుసా?"

"తెలీదంటావా?"

"తెలుస్తుంది. కానీ ఆత్మ కారు నడపదు. కారు వెనక పావురం అంటించుకోదు." ఆమె నర్సక్క చేతి వైపు వేలు చూపింది. "మీ చేత్తో నాకు ముద్దలు కలిపి పెట్టారు. అదే చేత్తో ఆయనకేం చేశారు? చెప్పండి. చెప్పేదాకా ఈ తలుపు తియ్యను. అరుస్తానని కూడా అనుకోకండి. మీ పాస్టరుగారు ముందు గదిలో ఉన్నారు, ఆయన్ని అడుగుతా."

"ఆయనకేం తెలీదు. తెలిస్తే మొహంలో దాగుతుందా? నువ్వే చూస్తుంటావుగా." నర్సక్క తిరిగింది. ఒక్కసారిగా పదేళ్ళు పైబడ్డట్టుంది. "మీ అందరి ముందూ నోటితో అబద్ధం ఆడగలిగానమ్మా. నాకే ఆశ్చర్యం. కళ్ళు మూసుకుని దేవుడి ముందు నిలబడ్డాక చేతకాలేదు. ఆ చెయ్యి మానాలని ఎంత ఉందో, అది అలా తన్నుకొచ్చేసింది."

"బతికున్నాడా?"

"ఉన్నాడు."

పాటమ్మ తలుపుకు ఆనుకునే మెల్లగా నేల మీద కూలబడింది. నర్సక్క వచ్చి పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"దగ్గరికి రావద్దు. ఎక్కడ?"

"క్లినిక్కు మేడ మీద, మందుల పెట్టెలుండే గదిలో. శుక్రవారం చెయ్యి నలిగి, రక్తం కారుతూ రోడ్డు మీదకొచ్చి నాకే ఫోన్ చేశాడు. నేనే కారేసుకెళ్ళా. ఫోను నాతోనే ఆపించాడు. లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకున్నాడు. నేను వెళ్ళినా మూడుసార్లు పేరు అడిగి తీస్తాడు. 'ఇంకెవరొచ్చినా తియ్యను, మా ఆవిడ గొంతు వింటే మాత్రం తీస్తా' అన్నాడు."

"నా గొంతా?" ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మరి నన్నెందుకు పిలవలేదు? నేనిక్కడ చస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"రేపు పొద్దున్న పిలుద్దామనే అనుకున్నాం. స్టేషనులో కాకుండా పై అధికారి దగ్గరకే నేరుగా తీసుకెళ్ళి చెప్పిద్దామని. నువ్వు ముందు ఒక మాట విను, కంగారు పడకుండా..."

పాటమ్మ వినే స్థితిలో లేదు. లేచి వంటింటి వెనక తలుపు తీసింది. పెరట్లో కుళాయి పక్క తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, సిగరెట్టు వెలిగించలేదు గానీ నోట్లో పెట్టుకున్నాడు.

"బావ దొరికాడురా!" ఆమె పరిగెత్తి వాడి భుజాలు పట్టుకుంది. "బతికే ఉన్నాడు!"

"ఎక్కడ?"

"నర్సక్క క్లినిక్కు మేడ మీద. గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాట్ట. నా గొంతు వింటే తప్ప తియ్యడట. పద, నేనూ వస్తా."

తమ్ముడు సిగరెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె బుగ్గ మీద చిన్నగా తట్టాడు. "పిచ్చి మొహమా, నువ్వొస్తే వీళ్ళంతా నీ వెంట పడతారు. ఆ బిల్డరు స్తోత్రం విన్నావుగా? వాడు ఫోను తీయకుండా చూసుకో. ఎవర్నీ గడప దాటనీకు. నేను బండి మీద వెళ్ళి బావని వెనక కూర్చోబెట్టుకొచ్చేస్తా."

"జాగ్రత్తరా."

"నాకేమవుతుందే." నవ్వాడు. పక్క సందులో బండి స్టార్టయిన చప్పుడు, దూరమైన చప్పుడు.

ఆమె లోపలికొచ్చేసరికి నర్సక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరితో మాట్లాడావు?"

"తమ్ముడితో. వాడు వెళ్ళాడు తీసుకురావడానికి."

నర్సక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది. "అయ్యో తల్లీ. నీకు చెప్పొద్దని మీ ఆయన అన్నది అందుకే కదా. నువ్వు ఏదైనా ముందు వాడికే చెబుతావని."

"ఏమంటున్నారు?"

"ఆ లిఫ్టుకి పాత తాడు బిగించారు. గ్రీజు పూసి కొత్తదన్నారు. అది మీ ఆయన కనిపెట్టాడు. ఆ తాడు తెచ్చి అమ్మి, డబ్బు తీసుకున్నది నీ తమ్ముడేనని అక్కడ అడిగి తెలుసుకున్నాడు. ఇంటి మనిషి కదా అని, రమ్మని పిలిచి 'నువ్వే వెళ్ళి మార్పించు, నేను ఎవరికీ చెప్పను' అన్నాడు. సరేనన్నాడట వాడు. మీ ఆయన లిఫ్టు పైకెక్కి తాడు చూపిస్తుంటే కింద స్విచ్చు పడింది. చెయ్యి కప్పీ దగ్గర ఇరుక్కుంది. తొంగి చూస్తే కింద నీ తమ్ముడొక్కడే ఉన్నాడు. పైకి చూశాడట. చూసి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడట."

"అబద్ధం."

ఆ మాట వెంటనే వచ్చింది, ఆలోచించకుండా. ఈమె ఇన్నాళ్ళూ అబద్ధమే ఆడింది. ఇప్పుడూ ఆడుతోంది. రక్తం పంచుకు పుట్టినవాణ్ణి కాదని దీని మాట నమ్మాలా? జ్వరమొస్తే రాత్రంతా కాళ్ళు పట్టిన వాణ్ణి? వాచ్‌మన్‌ని పట్టుకుని పావురం సంగతి తెచ్చిందెవరు? కూడిక పెట్టించమన్నదెవరు? మూసుకున్న కళ్ళ మధ్య తెరిచిన కళ్ళతో కూర్చున్నదెవరు?

అక్కడే ఆమె ఆలోచన ఆగింది.

పెరట్లో జరిగింది మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. బావ బతికున్నాడని చెప్పింది. ఎలా ఉన్నాడని అడగలేదు. ఇన్నాళ్ళూ ఏమయ్యాడని అడగలేదు. చెయ్యి గురించి అడగలేదు. ఎవరైనా మొదట అడిగే మాటలు ఒక్కటీ అడగలేదు.

ఎక్కడ అని మాత్రం అడిగాడు.

* * *

ముందుగదిలో అందరూ చేతులెత్తి పాడుతున్నారు. పాటమ్మ వాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళి, ఇంతసేపూ తను మనసులో ఉరి తీస్తూ వచ్చిన మనిషి ముందు నిలబడింది.

"పెద్దన్నా, మీ కారు కావాలి. ఇప్పుడే."

బిల్డరుగారు కళ్ళు తెరిచాడు. ఆమె ముఖం చూశాడు. ఎందుకని అడగలేదు. ఆయన అడగకపోవడంలో మాత్రం దాపరికం కనబడలేదు. తాళాలు తీసుకుని, చెప్పుల కుప్పలో తనవి దొరక్కపోతే ఎవరివో తొడుక్కుని పరిగెత్తాడు. నర్సక్క వెనక ఎక్కింది. ఏమీ అర్థంకాని పాస్టరుగారు ఒక కాలు బయట ఉండగానే కారు కదిలింది.

"చెయ్యి నలిగిందా? నీ దగ్గరే ఉన్నాడా?" విషయం విని పాస్టరుగారు భార్య వైపు తిరిగారు. "నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే పొద్దున ప్రసంగంలో వచ్చేసేది."

ఆయన తలాడించి, సీటు బెల్టు పెట్టుకున్నారు.

"ఆ తాడు బాగాలేదని మీ ఆయన నాకూ చెప్పాడమ్మా," అన్నాడు బిల్డరుగారు, హారను మీద చెయ్యి తీయకుండా. "పని ఆగిపోతుందని నేనే అతని మీద అరిచా. అప్పట్నుంచి కళ్ళు మూస్తే చాలు, ఆ లిఫ్టులో ఎవరో పిల్లలు ఎక్కుతున్నట్టే కనబడుతోంది. అందుకే నోట్లోంచి అదే వచ్చింది."

ముందు ఒక లారీ వెనక్కి వెళ్తూ దారి మూసేసింది. బిల్డరుగారు అద్దం దించి అరుస్తున్నాడు. బండి మీద వెళ్ళినవాడికి లారీ అడ్డం కాదు.

"స్తోత్రం చెప్పు తల్లీ," అన్నారు పాస్టరుగారు మెల్లగా.

"ఇప్పుడా?" ఆమె గిర్రున తిరిగింది. "స్తోత్రం చెప్పబట్టే కదండీ ఇంత జరిగింది? నర్సక్క నోరు జారకపోతే ఆయన క్షేమంగా ఉండేవాడు."

"రేపు కూడా నువ్వు తమ్ముడితోనే చెప్పేదానివి. వాడు నీ ఇంట్లోనే, నీ పక్కనే ఉండేవాడు. పొంచి ఉన్నవాడు ఇవాళ బయటపడ్డాడు." ఆయన గొంతులో ప్రసంగం లేదు. ఆయనకూ భయంగానే ఉంది, అది ముఖంలో కనబడుతూనే ఉంది. "గెలిచాక ఎవరైనా పాడతారమ్మా. నాకు తెలిసిందల్లా, ఓడిపోతానేమో అన్నప్పుడు పాడేవాళ్ళనే దేవుడు ముందు నడిపిస్తాడని. ఇంతకంటే నాకేం తెలీదు."

లారీ కదిలింది.

శుక్రవారం నుంచి బిగుసుకుపోయిన పెదవులు విడివడ్డాయి. పాట రాలేదు. ఎండిపోయిన, గీరుకుపోయిన గొంతుతో మాట మాత్రం వచ్చింది. "ప్రభువా... ఆయన ఆ తలుపు తీయనందుకు స్తోత్రం. ఎంత కొట్టినా, ఎంత పిలిచినా, గొళ్ళెం మీద చెయ్యి వెయ్యనందుకు స్తోత్రం. నేను వెళ్ళేసరికి కోపంగా, 'ఇంతసేపా' అని నన్ను కసిరినందుకు... స్తోత్రం."

"ఆమెన్," అన్నాడు బిల్డరుగారు, కారును సందులోకి తిప్పుతూ.

క్లినిక్కు షట్టరు దించి ఉంది. దాని ముందు తమ్ముడి బండి, స్టాండు కూడా సరిగ్గా వేయకుండా గోడకు ఒరిగి ఉంది. పక్కనుంచి మేడ మీదకు ఇనుప మెట్లు. పైన మూసి ఉన్న తలుపు. దాని ముందు వెనక్కి తిరిగి నిలబడ్డ తమ్ముడు.

తలుపు మూసే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అంతలో పాట వినబడింది.

ఆడగొంతు. నిండుగా, తేటగా, కీబోర్డు స్వరాల మీద తేలుతూ, తెల్లవారకముందే తెల్లవారినందుకు స్తోత్రం చెబుతున్న పాట. భర్త వరస కట్టిన పాట. కారులో మిగతా ముగ్గురూ ఒకేసారి ఆమె వైపు చూశారు. ఆమె పెదవులు కదలడం లేదు.

గొంతు ఆమెదే. పోయిన నెల రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపింది. తమ్ముడి ఫోనుకు కూడా. "ఒక్కసారైనా వినరా" అని బతిమాలి మరీ పంపింది.

వాడు ఇప్పుడు దాన్ని తలుపుకు ఆనించి పట్టుకుని ఉన్నాడు.

కారు ఆగకముందే ఆమె డోరు తీసి దూకింది. తలెత్తి, ఉన్న ఊపిరంతా గుండెల్లోకి లాక్కుని, నోరు తెరిచింది.

పైన గొళ్ళెం తీసిన చప్పుడైంది.